ఋణదాతల స్వభావము – కర్షకు లెఱుగవలసిన సంగతులు

మృగశిర కార్తె వచ్చినదనిన కర్షకునకు రెండు చింతలు. మొదటిది వాన, రెండవది పెట్టుబడి. వానను గూర్చి మనము చేయగలిగిన దేమియు లేదు. పెట్టుబడికై యెవరి గడప త్రొక్కవలయునో నిర్ణయించుకొనుట మాత్రము కొంతవఱకు మన చేతిలోనే యున్నది. పాలకుర్తి ప్రాంతమున ప్రత్తిగింజలకు, వరినాట్లకు, ఎరువులకు, దున్నకమునకు సొమ్ము కావలసిన కాపునకు నేడు అయిదు గడపలు కనబడుచున్నవి: ఊరి సాహుకారు, పంట కొనిపించు అడితిదారు, బ్యాంకు, వారము వారము వాయిదాలు వసూలు చేయు సూక్ష్మఋణ సంస్థ, సహకార పరపతి సంఘము. వీరి వడ్డీలను గూర్చి పలుమాఱులు వ్రాయుచుందురు. వీరి స్వభావమును గూర్చి వ్రాయుట అరుదు.

అప్పు పుచ్చుకొను దినమున అందఱును మంచివారుగనే తోతురు. పంట పోయినయేడు వాయిదా తప్పిన దినమున గాని ఎవరెట్టివారో తెలియదు. వడ్డీరేటు పత్రముమీద వ్రాసియుండును. ఆపత్కాలమున నడవడి యెట్లుండునో ఏ పత్రము మీదను ఉండదు. దానిని ముందుగా ఊహించుట యెట్లో తెలుపుటకే ఈ వ్యాసము.

ధనముతో పనిచేయువారిని గూర్చి మనలో రెండు విధముల తలంపులు గలవు. సుమతీశతకకారుడు మనుష్యుడు నివసింపదగిన యూరి లక్షణములను చెప్పుచు అప్పిచ్చువానిని వైద్యునికంటెను ముందు పేర్కొనెను. మఱియొకవంక వడ్డీవ్యాపారిని జలగతో పోల్చుట జనుల వాడుక. ఈ రెండింటికంటె లోతైనదని మాకు తోచు సామెత యొకటి యున్నది. అప్పిచ్చినవాడు బాగు కోరును, తీసికొన్నవాడు చెడు కోరును. ఈ మాట చెప్పినవాడు మనుష్యుని పుట్టుకను గాని గుణమును గాని చూడలేదు. వాడు నిలిచిన తావును చూచినాడు. తన సొమ్ము తిరిగి రావలయుననిన ఎదుటివాడు బ్రదికియుండవలయును గావున అప్పిచ్చినవాడు బాగు కోరుచున్నాడు. నిన్న అప్పు తీసికొన్నవాడే నేడు అప్పిచ్చినచో అతడును బాగు కోరువాడే యగును. స్వభావమనునది చాలవఱకు కూర్చున్న పీటనుబట్టి వచ్చుననుటయే ఈ సామెత సారము.

అందుచేత ఋణమిచ్చువాని నెఱుగుటకు మూడు ప్రశ్నలు చాలునని మా యభిప్రాయము. ఇచ్చుచున్న సొమ్మెవరిది? అతనికి లాభము దేనివలన కలుగును? అతని లెక్కల నెవరు చూతురు? ఈ మూటికి జవాబు దొరకినచో మనుష్యుడు మెత్తనివాడా, కఠినుడా యను సంగతి చాలభాగము తేలిపోవును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. వడ్డీవ్యాపారము ఫలానా కులమువారి స్వభావమని పలువురు తలంతురు. 1951-52లో దేశమంతట జరిగి, 1954లో నివేదిక ప్రకటింపబడిన గ్రామీణ పరపతి పరిశీలన ప్రకారము, కర్షకులు తెచ్చుకొన్న అప్పులో నూటికి 44.8 వంతులు వృత్తి సాహుకారులు ఇచ్చినది; 24.9 వంతులు వ్యవసాయము చేయుచునే వడ్డీకిచ్చువారు ఇచ్చినది. సహకార సంఘములు ఇచ్చినది 3.1 వంతులు మాత్రమే. అనగా దాదాపు నాలుగవవంతు అప్పును కాపులే తోటి కాపులకు వడ్డీకి ఇచ్చిరి. సందు దొరకినచోట మనమందఱమును సాహుకారులమే.

సాహుకారు

సాహుకారు ఇచ్చునది తన సొమ్ము. అతని లాభము మిత్తి. అతని ఖాతా పుస్తకమును అతడు తప్ప మఱియొకడు చూడడు. ఈ మూడు సంగతులనుండియే అతని మంచియు చెడ్డయు పుట్టుచున్నవి.

తన సొమ్ము గావున ఎవరినడుగకయే ఇయ్యగలడు. అర్ధరాత్రి పురిటినొప్పులకో, ఎద్దు చచ్చినప్పుడో తలుపు తట్టిన కాగితములడుగడు. మన తండ్రిని, తాతను, మన చెలకలో రాళ్లెన్నియో అతడెఱుగును. వాన వెనుకబడినచో వాయిదాను తానే ముందుకు జరుపును. బ్యాంకునకు లేని ఓర్పు అతనికి గలదు. ఈ ఓర్పును దయ యనుకొనరాదు. పాలిచ్చు గేదెను ఎవరును చంపుకొనరు, విడిచియు పెట్టరు. ఋణస్థుడు చెడిపోవుట సాహుకారునకు నష్టము. పూర్తిగా తీర్చివేయుటయు లాభము కాదు. అసలుకంటె వడ్డీ ముద్దని ఊరకయే అనలేదు.

మిత్తి లెక్కను ఒకసారి చూతము. నూటికి నెలకు రెండు రూపాయలనిన వినుటకు స్వల్పముగా నుండును. ఏడాదికి అది నూటికి 24. ఏబదివేల రూపాయలు పది నెలలు వాడుకొన్నచో రెండు రూపాయల మిత్తి 10,000 రూపాయలు, మూడు రూపాయల మిత్తి 15,000 రూపాయలు. ఏడాదికి నూటికి 7 చొప్పున అదే సొమ్ము అదే కాలమునకు తెచ్చినచో వడ్డీ సుమారు 2,917 రూపాయలు మాత్రమే. ఈ వ్యత్యాసము ఎకరమునకు కావలసిన ఎరువులలో గొప్ప భాగమునకు సరిపోవును.

ఈ యాశకు హద్దు పెట్టవలెనని పూర్వులును తలంచిరి. ఒకమాఱుగా వసూలు చేయు వడ్డీ అసలుకు మించరాదని మనుస్మృతి విధించినది; ధాన్యము మొదలగువాని విషయమున మాత్రము అయిదురెట్ల వఱకు పోనిచ్చినది. హైదరాబాదు రాజ్యమున 1349 ఫసలీలో వడ్డీవ్యాపారుల చట్టము వచ్చినది. వ్యాపారి లైసెన్సు పొందవలెననియు, లెక్కలు సరిగా వ్రాసి ఋణస్థునకు తెలుపవలెననియు దాని యుద్దేశము. చట్టము పుస్తకముపై వెలుగు ప్రసరింపజేయ జూచినది. కాని చదువురాని కాపు సాహుకారు నొద్దకు పోయి, మీ పుస్తకము చూపుమని యడుగుట ఎన్నడు జరుగును? మఱునాడే మరల అప్పు కావలసివచ్చును గదా.

దొర

సాహుకారునకు వడ్డీ కావలెను. వడ్డీయే అక్కఱలేని ఋణదాత యొకడు మన ప్రాంతమున తరతరములు ఉండెను. అతడు దొర. వానకాలమున విత్తనములకో తిండికో గింజలు తీసికొని, కల్లములో ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలిచియిచ్చుటను నాగు అనెడివారు. ఆఱు నెలలలో సగము వడ్డీ యనిన ఏడాదికి నూటికి నూఱు. అయినను నాగులోని యసలు పీడ ఈ లెక్కలో లేదు. కొలుచు కుంచము దొరది. వ్రాయువాడు దొర గుమాస్తా. తగవు వచ్చిన తీర్చువాడును దొరయే. పెండ్లికో చావునకో అప్పు తీసికొని, అది తీరువఱకు దొర యింట జీతముండుట భగేలా. జీతమెంత తక్కువగా నిర్ణయింతురనిన, తండ్రి అప్పు కొడుకునకు సంక్రమించునంత తక్కువ. అచ్చట ఋణదాతకు కావలసినది వడ్డీ కాదు, మనుష్యుని రెక్కలు. వడ్డీ తీర్చెదనన్నను అతనికి తృప్తి లేదు.

భూమియు, గింజల గాదెయు, అధికారమును ఒక్క చేతిలో నున్నప్పుడు ఏమి జరుగునో పాలకుర్తివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1940వ దశకమున చాకలి ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి యొద్ద కౌలుకు తీసికొని సాగుచేసిన భూమిని, పంటను, విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి స్వాధీనపఱచుకొన జూచెను. ఆంధ్రమహాసభ సంఘమువారి తోడ్పాటుతో ఆమె పంటను ఇంటికి చేర్చుకొనెను. అది అప్పు తగవు కాదు, భూమి తగవు. అయినను పై మూడు ప్రశ్నలలో కడపటిదానికి ఉదాహరణమై యున్నది. దేశముఖు లెక్కలను చూడగల అధికారి యెవడును అతనిపై లేకపోయెను. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చిన పిదప దొర యను ఋణదాత పీట కదలినది. అతని వంశీయుల గుణము మాఱినదా లేదా యని ఎవరును విచారింపనక్కఱలేదు. పీట పోయినది గావున ఆ స్వభావమునకు తావు లేకపోయినది.

అడితిదారు

అడితిదారునకు వడ్డీపై అంత పట్టుదల యుండదు. అతని లాభము కమీషనులో నున్నది. మన ప్రత్తి, మిర్చి ఎంత యెక్కువగా అతని దుకాణమునకు చేరునో అతనికంత లాభము. కావున జ్యేష్ఠములో చిరునవ్వుతో ఇచ్చును, పత్రమునకై తొందరింపడు. వరంగల్లు ఎనుమాముల మార్కెటునకు బండి చేరిన దినమున ఆ చిరునవ్వు వెల తెలియును. అప్పు తెచ్చుకొన్న కాపు మఱియొక దుకాణమునకు పోజాలడు. రేపు ధర పెరుగునేమోయని సరుకు నిలువచేయజాలడు. తరుగు పేరిట తీసివేతను గట్టిగా నెదిరింపజాలడు. వడ్డీగా కనబడనిది ధరలో పోవుచున్నది.

విత్తనములు, ఎరువులు, పురుగుమందులు అరువిచ్చు దుకాణదారుడును ఈ జాతివాడే. అతనికి లాభము అమ్మకమువలన గలదు. ఆకు ముడుచుకొన్నదని మన మతని నడిగినచో ఇంకొక మందు చెప్పును గాని, మందు అక్కఱలేదని చెప్పుట అరుదు. అతడు మోసగాడని మేము చెప్పుటలేదు. అమ్ముకొనువానిని వైద్యునిగా చేసికొనుట మన పొరబాటు. తెగులును గూర్చి వ్యవసాయాధికారి నడిగి, మందును దుకాణమున కొనుట మంచిది.

బ్యాంకు ఉద్యోగి

బ్యాంకు అధికారి ఇచ్చునది డిపాజిటుదారుల సొమ్ము. అతనికి నెలజీతము. మన మెన్ని యెకరములు పండించినను, ఎండించినను అతని జీతము మాఱదు. అతని లెక్కలను పైయధికారులు, ఆడిటర్లు, రిజర్వు బ్యాంకు చూతురు. ఈ మూడవ సంగతివలన బ్యాంకు పుస్తకమున మోసము కష్టము, వడ్డీ నిశ్చితము. ఇది గొప్ప మేలు. పరిమితికి లోబడిన పంట ఋణములకు వడ్డీ ఏడాదికి నూటికి 7. సకాలమున చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వపు రాయితీ పోగా 4 మాత్రమే పడును.

అయినను బ్యాంకు మెట్లెక్కిన కాపులు, అచ్చటివారు ముఖమెత్తి చూడరని వాపోవుచుందురు. ఇది గర్వము కాదు, భయము. ఇచ్చిన అప్పు మునిగినచో అధికారి సంజాయిషీ చెప్పుకొనవలెను. ఇయ్యవలసిన అప్పును ఇయ్యకపోయినచో అతని నడుగువా రుండరు. ఇట్టి పీటపై ఎంతటి దయాళువును కూర్చుండబెట్టినను కొలది కాలమునకే కాగితములను ప్రేమించుట నేర్చుకొనును. కొన్నేండ్లలో బదిలీయై పోవును గావున మన చెలకను ఎఱుగునంతకాలము ఉండడు. మనుష్యు నెఱుగనివానికి కాగితమే ఆధారము.

ఈ స్వభావమువలన అందఱికంటె నష్టపడువాడు కౌలుదారు. పట్టా పాసుపుస్తకము భూస్వామి చేతిలో నుండును. విత్తనము కౌలుదారు చేతిలో నుండును. 2011లో ఆనాటి ఆంధ్రప్రదేశమున కౌలుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చు చట్టము చేయబడినది. కార్డున్నను భూమిపై హక్కు పత్రము లేనివానికి అప్పిచ్చుటకు వెనుదీయు గుణము ఒక్క చట్టముతో పోలేదు. ఫలానా అధికారి మంచివాడని గాని చెడ్డవాడని గాని తీర్పు చెప్పుటకంటె, కాగితములను ముందుగా సిద్ధపఱచుకొని, ఇయ్యనన్నచో ఆ మాటను కారణసహితముగా వ్రాసియిమ్మని మర్యాదగా కోరుట మేలు. నిరాకరణమునకు కూడ సంతకము చేయవలసివచ్చినప్పుడు అధికారి రెండవసారి ఆలోచించును.

వారపు వాయిదాల సంస్థ

సూక్ష్మఋణ సంస్థ పక్షమున మోటారు సైకిలుపై వచ్చు పిల్లవాని చూడుడు. అతడు కాపు బిడ్డయో కూలి బిడ్డయో. డిగ్రీ చదివి వేఱు కొలువు దొరకక ఈ పనిలో చేరినవాడు. ఇంటివద్ద తల్లికి మిత్తి బాధ ఎట్టిదో అతడు చూచియే యుండును. అట్టివాడే వాయిదా తప్పిన యిల్లాలి వాకిట కూర్చుండి, సొమ్ము వచ్చువఱకు లేవననుట ఎట్లు సంభవించినది? అతని రాబడి ఎన్ని గుంపులు చేర్చెను, ఎంత వసూలు చేసెను అను లెక్కపై నడచుటవలన. అతడిచ్చు సొమ్ము పెట్టుబడిదారులది. వారు అతని ముఖమునైనను చూడరు, ఆ యిల్లాలి ముఖమునైనను చూడరు.

ఈ వ్యాపారపు కథను మన రాష్ట్రము ప్రత్యక్షముగా చూచినది. 2010లో హైదరాబాదు కేంద్రముగా గల ఒక పెద్ద సంస్థ తన వాటాలను షేరు విపణిలో అమ్మి వందలకోట్ల రూపాయలు రాబట్టినది. ఆ యేడే వసూళ్ల యొత్తిడివలన ఆత్మహత్యలు జరిగినవను ఆరోపణలు చెలరేగినవి. 2010 అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, సంస్థలు జిల్లాలో నమోదు కావలెననియు, బలవంతపు వసూళ్లు కూడవనియు శాసించినది. వెంటనే వసూళ్లు స్తంభించినవి. 2011లో మాలెగాం సంఘము నివేదిక నిచ్చినది; రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక నియమములు చేసినది. 2022లో వచ్చిన నియమముల ప్రకారము కుటుంబపు నెలసరి రాబడిలో సగమునకు మించి వాయిదాలకు పోవునట్లు అప్పు ఇయ్యరాదు. మన యింటివారు ఈ యొక్క నియమమునైనను కంఠస్థము చేసికొనవలెను.

వారపు వాయిదాల లెక్కలో ఒక కిటుకు గలదు. పదివేల రూపాయలకు ఏడాదికి నూటికి 12 అని చెప్పి, 1,200 వడ్డీ కలిపి, 11,200 రూపాయలను ఏబది వారములు వారమునకు 224 చొప్పున చెల్లింపుమందురు అనుకొనుడు. పదివేలు మన చేతిలో నుండునది మొదటి వారము మాత్రమే. సగము కాలమునకు సగము సొమ్ము తిరిగి పోవును. సగటున మనవద్ద నుండునది సుమారు అయిదువేలు. దానికి వడ్డీ 1,200 అనిన అసలు రేటు సుమారు రెట్టింపు, అనగా ఏడాదికి 24 ప్రాంతమున బడుచున్నది. తఱుగుచున్న నిలువపై రేటెంత యని అడుగుట అలవాటు చేసికొనవలెను.

నాణెముల పరీక్ష

ధనముతో పనిచేయుట మనుష్యుని చెఱచునా, లేక చెడినవారే ఆ పనికి పోవుదురా యను ప్రశ్నను పండితులును విచారించిరి. 2014లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయమువారు ముగ్గురు, ఒక పెద్ద అంతర్జాతీయ బ్యాంకు ఉద్యోగులు 128 మందిపై చేసిన పరీక్షను నేచర్ పత్రికలో ప్రకటించిరి. ఒక్కొక్కరు ఏకాంతమున నాణెమును పదిమాఱులు ఎగురవేసి, ఫలితమును తామే చెప్పవలెను. గెలుపునకు 20 డాలర్లు. చూచువారెవ్వరును లేరు. కొందఱిని ముందుగా వారి బ్యాంకు కొలువును గూర్చి ప్రశ్నించిరి. తక్కినవారిని కొలువునకు సంబంధింపని సంగతులను గూర్చి ప్రశ్నించిరి. నాణెము నిజాయితీగా పడిన సగము గెలుపులు రావలెను. కొలువు జ్ఞప్తికి రానివారు నూటికి 51.6 గెలుపులు చెప్పిరి. కొలువు జ్ఞప్తికి వచ్చినవారు 58.2 చెప్పిరి. మనుష్యు లొక్కటే రకము. కాని కొలువు టోపీ పెట్టుకొన్నప్పుడు ఒక విధముగను, తీసివేసినప్పుడు ఒక విధముగను నడచిరి.

2019లో మఱికొందఱు పరిశోధకులు పడమటి ఆసియా, ఆసియా పసిఫిక్ దేశముల బ్యాంకు ఉద్యోగులపై ఇట్టి పరీక్షనే చేసి చూడగా ఆ భేదము స్పష్టముగా కనబడలేదు. ఇది మొదటి పరీక్షను కొట్టివేయునదిగా గాక, దానిని సవరించునదిగా మేము గ్రహించుచున్నాము. బ్యాంకు కొలువెల్ల చెడ్డది కాదు. ఏ కొలువులో ఏది మెచ్చుకొనబడునో, ఏది చూచియు చూడనట్లు విడువబడునో, దానినిబట్టియే నడవడి. ఒక కార్యాలయపు అలవాటును మఱియొక కార్యాలయమునకు అంటగట్టరాదు. ఈ మాట మన సంఘమునకును వర్తించును.

సహకార సంఘము

జర్మనీలో రైఫైజెను అను గ్రామాధికారి 1864లో హెడ్డెస్‌డార్ఫు అనుచోట పరపతి సంఘమును స్థాపించినప్పుడు ఋణదాత పీటనే మార్చివేసెను. సొమ్ము సభ్యులందఱి పూచీపై తెచ్చినది. లాభమును పంచుకొనరాదు, అది నిలువధనముగా చేరవలెను. కార్యవర్గమువారికి జీతము లేదు; లెక్కలు వ్రాయువానికి మాత్రము గలదు. సంఘపు ఎల్ల ఒక చిన్న యూరికి మించరాదు గావున ఎవడు అప్పు తీసికొని ఎందులకు ఖర్చు చేసెనో అందఱికిని తెలియును. పై మూడు ప్రశ్నలకు ఇంత చక్కని జవాబు అంతకుముందు అరుదు. బ్రిటిషు ఇండియాలో 1904లోను, హైదరాబాదు రాజ్యమున 1914లోను సహకార చట్టములు వచ్చినవి ఈ మార్గముననే.

అయినను 1951-52 నాటికి సంఘముల వంతు నూటికి మూడే యని పైన వ్రాసితిమి. నాటినుండి సంఘములు పెరిగినవి. రోగములు కూడ పెరిగినవి. సాహుకారునకు సొమ్ముపై మమకారమెక్కువ. సంఘ పాలకులకు ఆ మమకారము తక్కువ. బంధుత్వమునకును, మొగమాటమునకును లొంగుట ఎక్కువ. సొమ్ము అందఱిది గావున ఎవరిదియు కాదను భావము ప్రవేశించును. బావమఱదికి వాయిదా అడుగుటకు నోరు రాదు. ఎన్నికలు దగ్గఱ పడిన బాకీదారు ఓటరుగా కనబడును. పాతబాకీకి క్రొత్త పత్రము వ్రాయించి, వసూలైనట్లును మరల ఇచ్చినట్లును పుస్తకమున చూపు సర్దుబాటు అట్లు పుట్టుచున్నది. ఒకరి పేరిట అప్పు వ్రాసి మఱియొకరు వాడుకొను బినామీయు అట్లే పుట్టుచున్నది. పూర్వపు సంఘములలో బాధ్యత అపరిమితము. పొరుగువాని బాకీకి తన యెద్దులు పోవునను భయముచేత ప్రతి సభ్యుడును కావలి కాచెను. నేడు బాధ్యత వాటాధనమునకే పరిమితము. భయము పోవుట మంచిదే. దానితోపాటు కావలియు పోయినది.

లెక్క చూచుట అవమానమను భావము మనలో గలదు. కార్యదర్శిని పుస్తకము చూపుమనిన, నన్ను దొంగననుచున్నావా యని అతడు నొచ్చుకొనును, అడిగినవాడు సిగ్గుపడును. మన పాలకుర్తిలో జన్మించిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున చెప్పిన కథ ఈ సందర్భమున స్మరింపదగియున్నది. బసవన్న బిజ్జలుని కొలువున ధనాగారమునకు అధికారి. రాజుసొమ్మును జంగమభక్తులకు పెట్టి వ్యయపఱచుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీలు చెప్పిరి. రాజు లెక్క అడుగగా, పరీక్షింపజేసి చూపినప్పుడు ధనము తఱుగలేదని కథ. భక్తులు దీనిని శివుని మహిమగా చదువుకొందురు. పరపతి సంఘమువారు మఱియొకటి కూడ గ్రహింపవచ్చును. నిర్దోషియైన కోశాధికారికి పెట్టె తెఱచుట అవమానము కాదు. అదియే అతని రక్ష. లెక్కను ఎప్పటికప్పుడు చూచు ఊరిలో మంచి కార్యదర్శిపై నింద నిలువదు. చూడని ఊరిలో మంచివానికిని చెడ్డవానికిని భేదము తెలియదు. కొన్నేండ్లకు మంచివాడే విసిగి మానుకొనును.

సంఘము చక్కగా నడచిన తావు మనకు దూరమున లేదు. నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో ఏర్పడిన సహకార గ్రామీణ పరపతి, విక్రయ సంఘము నేటికిని పేరుపొందియున్నది. అప్పిచ్చుట, ఎరువులు, విత్తనములు సమకూర్చుట, పంటను కొని అమ్మిపెట్టుట అన్నియు ఒక్క సంఘముననే జరుగుటచే, సభ్యుని పంట బాగుగా పండి మంచి ధరకు పోయిననే సంఘమునకు లాభము. సాహుకారు, అడితిదారు, ఎరువుల దుకాణదారుడు, ఈ మువ్వురి పీటలను సభ్యులే ఆక్రమించిరన్నమాట. అచ్చటి కాపులు వేఱు మట్టితో చేయబడినవారు కారు.

సభ్యులు చేయవలసినది

సంఘమున మనము ఋణస్థులము మాత్రమే కాము, ఋణదాతలము కూడ. కార్యదర్శి స్వభావమునకు సగము బాధ్యత మనదే. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చు ప్రతి సభ్యుడును, సభ్యురాలును ఈ క్రింది సంగతులను అడిగి తెలిసికొనవలెనని మా మనవి.

ఒకటి: నా పేరిట సంఘ పుస్తకమున ఎంత అప్పు వ్రాయబడియున్నది? నా పాసుపుస్తకముతో అది సరిపోవుచున్నదా?

రెండు: గత సంవత్సరము వసూలైన సొమ్ములో నగదుగా వచ్చిన దెంత, పాతబాకీకి క్రొత్త పత్రము వ్రాసిన దెంత?

మూడు: కార్యవర్గమువారికిని, వారి బంధువులకును ఇచ్చిన అప్పులెన్ని? అందులో వాయిదా దాటినవెన్ని?

నాలుగు: ఆడిటరు చూపిన లోపములెవ్వి? వానిని సవరించిరా? నివేదికను సభలో పెద్దగా చదివించిరా?

అయిదు: అప్పు కోరి లేదనిపించుకొన్నవారెవరు, ఏ కారణమున? వారిలో కౌలుదారులెందఱు?

ఈ ప్రశ్నలను కోపముతో గాక, ప్రతి యేడును, ప్రతి కార్యదర్శిని, అతడు మంచివాడైనను అడుగవలెను. మంచివాని నడుగుట అలవాటైన యూరిలో చెడ్డవాని నడుగుటకు ధైర్యము వేఱుగా తెచ్చుకొనవలసిన పని యుండదు.

తక్కిన నాలుగు గడపలకు పోవలదని మేము చెప్పుటలేదు. సంఘము అర్ధరాత్రి తలుపు తీయలేదు, సాహుకారు తీయును. ఎవరియొద్ద ఎందులకు అప్పు చేయుచున్నామో తెలిసి చేయవలెను. ఆపదకు సాహుకారు నొద్ద చేసిన అప్పును పంట రాగానే మొట్టమొదట తీర్చవలెను. పెట్టుబడికి సంఘమో బ్యాంకో మేలు. ఒక అప్పు తీర్చుటకు మఱియొక గడపకు పోవుట మాత్రము ఎంతమాత్రమును కూడదు. ఆ దారిలో ఋణదాతలు మాఱుదురు గాని ఋణము మాఱదు, పెరుగును. విత్తనము కొనబోవునప్పుడు మొలక శాతమును అడిగి తెలిసికొనుచున్నాము. అప్పు తేబోవునప్పుడు సొమ్మెవరిది, లాభమెవరిది, లెక్క చూచువారెవరు అని అంత శ్రద్ధతోనే అడిగి, ఆ పిమ్మట పత్రముపై వ్రేలుముద్రయో సంతకమో వేయుదము.